పుక్కిట పట్టిన నీళ్లు

కంచరాయిపల్లిలో నలభై దాటిన ఆడవాళ్లలో నేల మీద కూర్చుని, చేయి ఆనించకుండా లేవగలిగింది అండాలు ఒక్కతే. మిగతావాళ్లు గోడ పట్టుకునో, పక్కవాళ్ల భుజం పట్టుకునో లేచేవాళ్లు. కొందరు కూర్చోవడమే మానేశారు.

దేవరకొండ వైపు రాతిగుట్టల మధ్య ఉన్న ఆ ఊరికి కొన్నాళ్లు పైపుల్లో నది నీళ్లు వచ్చాయి. వరసగా వానలు ఎగ్గొట్టి, ఎగువన జలాశయం అడుగంటాక ఆ పైపులు ఎండిపోయాయి. జనం మళ్లీ పాత బోర్ల దగ్గరికే చేరారు. బోరు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి. వాటిలోని ఫ్లోరైడు ముందు పిల్లల పళ్లను గారపట్టిస్తుంది, తర్వాత కాళ్లను వంచుతుంది, చివరికి నడుమునూ మెడనూ బిగించేస్తుంది.

హైదరాబాదు నుంచి ఎముకల పరీక్షలు చేయడానికి వచ్చిన డాక్టర్ వకుళ, ఊరందరి ఎక్స్‌రేలు చూస్తూ చూస్తూ అండాలు ఎక్స్‌రే దగ్గర ఆగిపోయింది. అండాలు పుట్టింది ఆ ఊళ్లోనే. మేనత్త కొడుకు బిక్షపతిని చేసుకుని కాపురం చేస్తున్నదీ ఆ ఊళ్లోనే. పుట్టినప్పటి నుంచీ తాగినవి అవే నీళ్లు. అయినా ఆమె ఎముకల్లో ఎక్కడా వంకర లేదు.

కారణం ఆమె నోట్లో దొరికింది. అండాలు పళ్ల మీది పాచిలో ఇంకెవరి నోట్లోనూ కనిపించని ఒక సూక్ష్మజీవి ఉంది. నీళ్లలోని ఫ్లోరైడును పట్టి, నత్త గుల్లను కట్టుకున్నట్టు అది తన చుట్టూ కట్టుకుంటుంది. ఆమె నోట్లోనూ కడుపులోనూ ఏళ్ల తరబడి అదే పని చేస్తూ వచ్చింది.

వకుళ ఆ పాచిని ప్రయోగశాలలో గాజుపలకల మీద పెంచి చూసింది. పలకల మీదుగా బోరు నీళ్లు పారిస్తే కింద తీపి నీళ్లు దిగాయి. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పాచి నల్లబడి, పొరలుగా ఊడిపోయింది. ఎన్ని రకాల మేత వేసినా బతకలేదు. అండాలు పొద్దున్నే పళ్లు తోముకోకముందు పుక్కిట పట్టిన నీళ్లు రోజూ తగిలితేనే అది పచ్చగా ఉండేది. అందుకని పాచిని హైదరాబాదులో ఉంచి లాభం లేదని, ఊరి పక్క గుట్ట మీద తొట్టి కట్టి, అందులో నల్లరాతి పలకలు అంచెలంచెలుగా పేర్చారు. రోజూ అండాలు గుట్ట ఎక్కి పుక్కిలించి ఆ పలకల మీద ఊసి వచ్చేది. పలకలు దాటిన నీళ్లు ఇసుక పరుపుల్లోంచి దిగి, క్రిములను చంపే దీపాల కింద పారి, కుళాయిల్లోకి వచ్చేవి.

మొదట్లో ఎవరూ తాగలేదు. అండాలు ఎంగిలి ఊరంతా తాగాలా అని పక్కింటి సత్తెమ్మ నడిబజారులో అడిగింది. అండాలుకూ సత్తెమ్మకూ కోడి గోడ దాటినా గొడవే, కాబట్టి ఆ మాటను అండాలు పట్టించుకోలేదు. కానీ మిగతావాళ్లు మనసులో అనుకుంటున్నదీ అదే. ఎవరి ఎంగిలి, ఏ కులం ఎంగిలి అన్న మాట కూడా గుసగుసగా నడిచింది. సర్పంచ్ మల్సూరు తల్లి నడుము వంగిపోయి, ఏళ్లుగా నేలను తప్ప మనుషుల ముఖాలు చూడని ముసలమ్మ. ఆమె చెంబు పట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చింది.

"ఒంగిన నా నడుం ఎవ్వలూ లేపలే. ఎవల ఎంగిలైతే నాకేంది, పొయ్యున్రి" అంది.

ఆమె తాగాక ఒకరొకరుగా అందరూ తాగారు.

అండాలు ఇల్లూ గుట్టా ఒకటిగా తిరిగిన ఆ కొద్ది నెలల్లో పలకలు మాటిమాటికీ నల్లబడేవి. బిక్షపతికి జలుబు చేస్తే నల్లబడేవి. పేరంటానికి పోయి నలుగురి మధ్య కూర్చుని వస్తే నల్లబడేవి. మూతికి గుడ్డ కట్టుకుని తిరిగినా లాభం లేకపోయింది. ఇతరుల ఊపిరిలోంచి వచ్చే క్రిములు అండాలు నోట్లో చేరి, అక్కడి నుంచి పలకల మీదికి పోయి పాచిని తినేస్తున్నాయని వకుళ కనిపెట్టింది. ఒకనాడు కూతురు సువర్ణ కంచంలో వదిలేసిన ముద్దను, పారేయడం ఎందుకని, అండాలు తినేసింది. మర్నాటికి తొట్టి మొత్తం నల్లబడింది. మళ్లీ పచ్చబడేదాకా ఊరంతా బోరు నీళ్లే తాగింది.

సువర్ణకు అప్పుడు ఏడేళ్లు. ఎన్నో ఏళ్లు పిల్లలు కలగక, లేక లేక కలిగిన ఒక్కతే బిడ్డ. పసితనంలో అండాలు నమిలి పెట్టిన ముద్దలు తిన్నా ఆ జీవి ఆ పిల్ల నోట్లో నిలవలేదు. మోకాళ్లు లోపలికి వంగి, నడుస్తుంటే ఒకదానికొకటి తగిలేవి. బడికి పోయే దారిలో రెండు చోట్ల కూర్చునేది. ఎదిగే వయసు కాబట్టి, ఇప్పటి నుంచి మంచి నీళ్లు తాగితే కాళ్లు చక్కబడే వీలుందని, ఇంకా ఆలస్యమైతే కష్టమని వకుళ చెప్పింది. ఆ మాట విన్నాక, ఎవరి ఊపిరీ తగలకుండా విడిగా ఉండడానికి అండాలు ఒప్పుకుంది.

తొట్టి పక్కనే గాజుగది కట్టారు. రెండు తలుపులు, లోపలికి వడగట్టిన గాలి, సామాను లోపలికి పంపడానికి దీపాల పెట్టె, మాట్లాడుకోవడానికి అటొకటి ఇటొకటి మైకులు. వంట ఆమే వండుకోవాలి, తన మంచం తనదే, తన గిన్నెలు తనవే. పాచిని తనంతట తాను బతికేట్టు ప్రయోగశాలలో మలుచుకునేదాకానే ఇదంతా అని, వానాకాలానికల్లా ఇంటికి పోవచ్చని వకుళ నమ్మింది. నమ్మే చెప్పింది. అండాలు లోపలికి పోయేముందు కూతురికి తల దువ్వి జడ వేసింది.

"వానలు పడంగనే వస్తవా?" అని సువర్ణ అడిగింది.

"వస్త బిడ్డా" అంది అండాలు.

ఆ ఏడు వానలు పడ్డాయి. ఆ పై ఏడూ పడ్డాయి. ప్రయోగశాలలో పలకలు పచ్చబడుతూ, నల్లబడుతూనే ఉన్నాయి.

గుట్ట మీది నుంచి ఊరంతా కనిపించేది. అండాలు పొద్దున లేచి, పుక్కిలించి, పలకల మీద ఊసి, తర్వాత గాజు దగ్గర కూర్చునేది. ఊరు మారడం ఆమె అక్కడి నుంచే చూసింది. ముందు గోడలు పట్టుకుని నడిచేవాళ్లు తగ్గారు. తర్వాత వాడకట్టులో కొత్తగా నడక నేర్చిన పిల్లలు తిన్నటి కాళ్లతో పరిగెత్తడం మొదలైంది. ఆ ఊరికి పిల్లనిచ్చేవాళ్లు లేక, ముప్పై దాటినా పెళ్లికాని మగపిల్లలకు సంబంధాలు వచ్చాయి. పందిళ్లు పడ్డాయి. నడుము నొప్పితో సగం ఏడాది మంచంలో గడిపిన ఆడవాళ్లు చేన్లకు పోయారు, కొందరు కలిసి పూలతోట వేశారు. బంతి, చామంతి పూసినప్పుడు గుట్ట కింద నేల పసుపు రంగుకు తిరిగేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ట్రాక్టర్లతో వచ్చి నీళ్లు పట్టుకుపోయేవాళ్లు.

సువర్ణ మోకాళ్లు నెమ్మదిగా ఎడంగా జరిగాయి. మొదట్లో బడి వదలగానే గుట్ట ఎక్కి వచ్చేది, దారిలో కూర్చుంటూ. తర్వాత కూర్చోకుండా ఎక్కింది. ఒకనాడు కింది నుంచి పైదాకా పరిగెత్తుకుంటూ వచ్చి, ఆయాసంతో గాజుకు నుదురు ఆనించింది. లోపలి నుంచి అండాలు తన నుదురు అక్కడే ఆనించింది. గాజు చల్లగా ఉంది. ఆ పిల్ల ఊపిరికి గాజు మసకబారడం తప్ప ఇటువైపు ఇంకేమీ తెలియలేదు.

పెద్దదయ్యేకొద్దీ సువర్ణ రావడం తగ్గింది. బడి, స్నేహితులు, పరీక్షలు. వచ్చినా మైకులో చెప్పుకునే మాటలు త్వరగా అయిపోయేవి. రజస్వల అయినప్పుడు పీటల మీద కూర్చోబెట్టి హారతి ఇచ్చింది సత్తెమ్మ. ఆ పాటను బిక్షపతి ఫోనులో పట్టుకుని గుట్ట మీదికి తెచ్చి, బయటి మైకు దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. గాలికి సగమే వినిపించింది.

బిక్షపతి రోజూ సామాను తెచ్చి దీపాల పెట్టెలో పెట్టేవాడు. బియ్యం, పప్పు, కూరగాయలు. పెట్టి, గాజుకు ఎదురుగా రాతి మీద కూర్చుని బీడీ తాగేవాడు. మొదట్లో చేను సంగతులు చెప్పేవాడు. పోనుపోను అడిగినదానికి మాత్రమే చెప్పేవాడు. ఆ పైన ఇద్దరూ ఊరికే కూర్చునేవాళ్లు. అతను ఇంకో ఆడదాన్ని తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే కనీసం కోపమైనా వచ్చేదని అండాలు ఒకసారి అనుకుంది.

ఆమెను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఊరివాళ్ల మర్యాద. గది గుమ్మానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయలు కొట్టడం మొదలుపెట్టారు. నీళ్లతల్లి అన్నారు. బోనాలు ఎత్తారు. ఒకప్పుడు పేరు పెట్టి పిలిచినవాళ్లు చేతులు జోడించి, తల ఎత్తకుండా మాట్లాడి పోయేవాళ్లు. ఒక శుక్రవారం సత్తెమ్మ కూడా తలస్నానం చేసి, నిమ్మకాయల దండ పట్టుకుని వచ్చింది. మనవడు పుట్టాడని, కాళ్లు బంగారంలా ఉన్నాయని, అంతా తల్లి దయ అని చెప్పింది.

"సత్తెక్కా, నన్ను తిట్టు" అంది అండాలు మైకులో.

సత్తెమ్మకు అర్థం కాలేదు.

"ఎప్పటి లెక్కనే తిట్టు. నా కోడి నీ దొడ్లకొచ్చిందని తిట్టు. నేను సచ్చిన్నా, బొట్లు పెడ్తున్నరు?"

సత్తెమ్మ తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక, దండ అక్కడే పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిగిపోయింది. తర్వాత చాలా రోజులు గుట్ట ఎక్కలేదు.

వకుళ మాత్రం నెలకోసారి తప్పకుండా వచ్చేది. డబ్బా తెచ్చుకుని గాజుకు అటువైపు కూర్చుని, అండాలుతో కలిసి అన్నం తినేది. ఆమెకు పెద్ద సంస్థల నుంచి పిలుపులు వచ్చాయని, ఏదీ ఒప్పుకోలేదని బిక్షపతి ద్వారా తెలిసింది. ఆమె జుట్టు కూడా నెరిసింది. ఒకసారి ఆమె డబ్బా తెరవకుండానే కొత్త సంగతి చెప్పింది. ఒక్క మనిషి నోటి నీళ్లతో కాకుండా, ఎంతోమంది నోటి నీళ్లు కలిపి పోస్తే పాచి దాదాపు మొత్తం చచ్చిపోతోంది. కానీ చావగా ఎక్కడో ఒక చుక్క మిగులుతోంది. ఆ చుక్క నుంచి మళ్లీ పెరిగిన పాచికి ఇక ఎవరి క్రిములూ ఏమీ చేయడం లేదు. చిన్న పలకల మీద అది నిలిచింది. తొట్టిలో అదే పని చేయాలంటే ఇప్పుడున్న పాచిని చావనివ్వాలి, ఊరందరూ రోజూ వచ్చి పుక్కిలించి ఊయాలి. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అంతకాలం తీపి నీళ్లు ఉండవు. చివరికి నిలుస్తుందన్న భరోసా కూడా లేదు.

గ్రామసభ పెట్టారు. పిల్లలున్నవాళ్లు వద్దన్నారు. మోకాళ్లు నిమ్మళించిన ముసలివాళ్లు వద్దన్నారు. మైకులో అండాలును అడిగితే ఆమె కూడా వద్దనే అంది. సువర్ణ అప్పటికింకా ఎదుగుతూ ఉంది. ఆ తర్వాత వకుళ ఇంకా రెండుసార్లు అడిగింది. ఊరు రెండుసార్లూ వద్దంది. ఆ పైన ఆమె అడగలేదు.

గదిలో పదకొండేళ్లు నిండినాక అండాలు పళ్లు కదలడం మొదలైంది. రెండు ఊడిపోయాయి. చిగుళ్లతో పాటు నోటి పాచి కూడా మారింది. పలకల అంచులు పాలిపోయాయి, కుళాయి నీళ్లలో మళ్లీ ఫ్లోరైడు కనిపించింది. ఎక్కువ కాదు, కానీ వారం వారం పెరుగుతోంది. వకుళ ఊరందరి నోళ్లూ పరీక్షించింది. ఒక్క సువర్ణ నోట్లో మాత్రం, ముందు పరీక్షల్లో కనిపించని ఆ జీవి జాడ ఇప్పుడు దొరికింది, నిద్రపోతున్నట్టుగా. తల్లితో కలిసి కొన్ని నెలలు ఒకే గదిలో ఉండి, ఒకే కంచంలో తింటే అది మేలుకోవచ్చు. ఆ నెలల్లో పలకలు నల్లబడినా తర్వాత పచ్చబడతాయి, కానీ అప్పటి నుంచి ఆ పిల్లే గదిలో ఉండాలి. ఈ సంగతి చెప్పేటప్పుడు వకుళ అండాలు ముఖం వైపు చూడలేదు. చెప్పకుండా దాచే హక్కు తనకు లేదని మాత్రం అంది.

సువర్ణ అప్పుడు నల్లగొండలో నర్సింగు సీటు తెచ్చుకుని ఉంది. ఊళ్లో ఎవరూ ఆమెను బలవంతం చేయలేదు. మల్సూరు ఇంటికి వచ్చి ఊరి పరిస్థితి చెప్పి, నీ ఇష్టం బిడ్డా అని పోయాడు. అతని తల్లి ఇంకా బతికే ఉంది. నడుము కాస్త లేచి, మనుషుల ముఖాలు చూస్తోంది. సువర్ణ ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. గుట్ట ఎక్కి వచ్చి మైకు పట్టుకుంది.

"నేనొస్తనమ్మా. నాకు నీ దగ్గర పండుకోవాలనుంది" అంది. "చిన్నప్పటి సంది అదే అనుకుంటున్న."

అండాలు ఆ రోజంతా సంతోషంగా ఉంది. ఆ సంగతి ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు. రెండో దుప్పటి ఉతికి ఆరేసింది. పెట్టెలోంచి ఇంకో కంచం తీసి తోమింది. మంచం గోడకు జరిపి, పక్కన ఇంకొకరికి చోటు ఉంటుందా అని పడుకుని చూసుకుంది. తెల్లారి లేచాక ఎవరితోనైనా మాట్లాడొచ్చు. తల దువ్వొచ్చు. ఏదైనా వండితే ఉప్పు ఎక్కువైందని చెప్పే మనిషి ఉంటుంది.

సాయంత్రం సువర్ణ స్నేహితులతో గుట్ట కింది దారిన నడిచి పోతూ కనిపించింది. వీడ్కోలు చెప్పుకుంటున్నారేమో, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకున్నారు. ఎవరో ఏదో అన్నారు. సువర్ణ వాళ్లను విడిపించుకుని, నవ్వుతూ పూలతోట గట్టు వెంట పరిగెత్తింది. అండాలు ఆ కాళ్ల వైపే చూసింది. అవి తోట చివరిదాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చాయి. అండాలు వెనక్కి తిరిగి గది వైపు చూసింది. మంచం, పొయ్యి, గిన్నెల అర, ఆ పక్కనే తలుపు. ఉతికిన దుప్పటి మడత పెట్టి, పెట్టెలో పెట్టేసింది.

మర్నాడు పొద్దున ఊరంతా డప్పులతో గుట్ట ఎక్కింది. సువర్ణకు కొత్త చీర కట్టి, పూలదండ వేశారు. వకుళ తలుపుల దగ్గర నిలబడి, ఏ తలుపు తర్వాత ఏది తెరవాలో సువర్ణకు చెబుతోంది. అంతలో లోపలి తలుపు తెరుచుకుంది. వకుళ గాజు మీద చేయి పెట్టి ఆగమంది. అండాలు బయటి తలుపు కూడా తెరిచింది.

ఆమె మనుషుల మధ్యకు వచ్చి నిలబడింది. చెమట వాసన, మల్లెల వాసన, డప్పు తోలు కాల్చిన వాసన అన్నీ ఒక్కసారే తగిలి కళ్లు తిరిగాయి. సువర్ణ దగ్గరికి పోయి, రెండు చేతులతో ముఖం పట్టుకుని, నుదుటి మీద, బుగ్గల మీద, తల మీద ముద్దులు పెట్టింది. డప్పులు ఆగిపోయాయి. పలకల సంగతి అందరికీ అర్థమైంది.

"మమ్మల్ని ముంచితివి గదనే" అన్నాడు మల్సూరు. గొంతు పెంచలేదు.

"ముంచిన" అంది అండాలు. "ఇగ అందరం మునుగుదాం. డాక్టరమ్మ చెప్పిన తీరుగ అందరం పుక్కిలిద్దాం. నా బిడ్డ కాళ్లు ఈ గదిల ఏడ తిరుగుతయి?"

సువర్ణ తల్లి చేతులు విడిపించుకుంది. ఆమె ఏడుస్తోంది. ఇన్నేళ్లకు దగ్గరికి వస్తానంటే రానివ్వలేదని ఆమెకు తోచింది. ఆ ఒక్కటే తోచింది. దండ తీసి తొట్టి గోడ మీద పెట్టి దిగిపోయింది. వారం తిరక్కుండా నల్లగొండ వెళ్లిపోయింది.

పలకలు రెండు రోజుల్లో నల్లబడ్డాయి. తర్వాతి ఏడాది ఊరికి కష్టకాలం. దూరంలోని చెరువు నుంచి ట్రాక్టరు మీద నీళ్లు తెచ్చుకున్నారు. అవి చాలనప్పుడు బోరు నీళ్లే తాగారు. ముసలివాళ్ల మోకాళ్లు మళ్లీ పట్టేశాయి. మల్సూరు తల్లి నడుము మళ్లీ వంగింది. పుక్కిలించడానికి మొదట్లో పట్టుమని పదిమంది కూడా రాలేదు. ఈ వాడవాళ్ల నోటి నీళ్లలో ఆ వాడవాళ్లవి కలవడమేమిటని ఆగినవాళ్లు కొందరు, కోపంతో ఆగినవాళ్లు ఇంకొందరు. వకుళ ప్రయోగశాల వదిలి గుట్ట మీదే మకాం పెట్టింది. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిలిచేది.

అండాలు ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు. బొట్లు పెట్టినవాళ్లు ఎదురైతే తల తిప్పుకునేవారు. అన్నేళ్లు క్రిములు తగలని ఒళ్లు కావడంతో ప్రతి జలుబూ ఆమెను మంచాన పడేసింది. బిక్షపతి గంజి కాచి ఇచ్చేవాడు. ఇచ్చి, ఎదురుగా కూర్చునేవాడు. ఇద్దరి మధ్యా గాజు లేదు, అయినా మాటలు దొరికేవి కావు. గది కన్నా ఇల్లే ఒంటరిగా ఉందని కొన్ని రోజులు అనిపించింది. సువర్ణ చాలాకాలం ఫోను ఎత్తలేదు. దసరా సెలవులకు మాత్రం వచ్చింది. సంచి దించి, చెప్పులు విడిచి, తల్లి పక్కన చాప మీద పడుకుని, మధ్యాహ్నమంతా నిద్రపోయింది. అండాలు ఆమె జుట్టులో వేళ్లు పెట్టి కదలకుండా కూర్చుంది. కాలు తిమ్మిరెక్కినా తీయలేదు.

అంతలో ఒకనాడు అడుగు పలక మీద గోరంత పచ్చదనం కనిపించింది. వకుళ ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్లు ఆగింది. అది అరచేయంత అయింది, పలకంత అయింది. మల్సూరు జలుబుతో వచ్చి దాని మీదే తుమ్మాడు. ఏమీ కాలేదు. అప్పటి నుంచి జనం పెరిగారు. కుళాయిలు మళ్లీ తెరిచిన రోజున డప్పులూ లేవు, కొబ్బరికాయలూ లేవు. ఎవరి బిందె వాళ్లు నింపుకుని పోయారు.

ఆ తర్వాతి మాట. ఒక పొద్దున అండాలు లేచేసరికి ఆలస్యమైంది. గుట్ట ఎక్కేసరికి, పాచికి మేతగా రోజూ పుక్కిలించే జనం వరస మలుపు దాకా ఉంది. చివర నిలబడింది. ఆమె ముందున్నది కొత్త కోడలు, పెళ్లై పది రోజులు కూడా కాలేదు, కాళ్ల పారాణి ఇంకా పోలేదు. చెంబు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ, ఏమీ తోచక వెనక్కి తిరిగింది.

ఈ గాజుగదిలో ఒకామె ఏండ్లకేండ్లు ఉండేదట కదా అని అడిగింది. పుట్టింట్లో ఉన్నప్పుడే ఆ కథ విన్నానని, తానైతే ఒక్క పూట కూడా ఉండలేనని చెప్పింది. వరస రెండడుగులు ముందుకు జరిగింది.

"నువ్వు చూసినవా అత్తా, ఆమెను?"

అండాలు కిందున్న ఊరి వైపు చూసింది. ఆ వేళకు పొయ్యిలు వెలిగించినట్టున్నారు, పొగలు లేస్తున్నాయి.

"చూసిన బిడ్డా" అంది. "జర దూరం నుంచే."

తర్వాత ఆ పిల్ల భుజం తట్టి, వరస కదిలిందని, నడువమని చెప్పింది.